రోగికి తప్ప అందరికీ

గోప్యత అనే మాట మా జిల్లా ఆస్పత్రిలోకి ఒక కేక వల్ల వచ్చింది. కేక పెట్టినవాడు అటెండర్ ఏసోబు. "సార్, ఆ హెచ్ఐవీ ఆమెకి కామెర్ల పరీక్ష కూడా చెయ్యాలా?" అని వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి అరిచాడు. ఆ పూట వరండాలో కుక్క కరిచినవాళ్ళు, బాలింతలు, పెళ్ళికూతురి వయసు ధ్రువపత్రం కోసం బ్యాండు మేళంతో సహా దిగిన ఒక పెళ్ళివారు ఉన్నారు. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆమె తమ్ముడు పైవాళ్ళకు ఫిర్యాదు రాశాడు.

ఏసోబును పిలిచి గొంతు తగ్గించుకోమంటే సరిపోయేది. కానీ దానికి ఫైలు ఉండదు, మీటింగు ఉండదు, సంతకాలుండవు. అందుకని జిల్లా నోడల్ అధికారి డాక్టర్ చక్రధర్ గారి అధ్యక్షతన గోప్యతా పరిరక్షణ కమిటీ ఏర్పడింది. కమిటీ నాలుగుసార్లు తలుపులు మూసుకుని కూర్చుంది. లోపలికి జీడిపప్పు, బయటికి ఉత్తర్వులు.

నేను ఆ ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. పేరు గురవయ్య. పదిహేడేళ్ళుగా కాంట్రాక్టు మీద ఉన్నాను, అంటే ఏటా మార్చి నెల వచ్చేసరికి నాకు చలిజ్వరం వస్తుంది. నా గురించి గొప్పగా చెప్పుకోవలసింది ఒకటే ఉంది. నేను సూది గుచ్చితే నొప్పి తెలియదు. రోగులు అలా అంటారు, నేను కల్పించి చెప్పడం లేదు.

సరిగ్గా ఆ కమిటీ నెలలోనే పైనుంచి ఇంకో ఆదేశం దిగింది. హెచ్ఐవీతో ఉన్న ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ సి పరీక్ష చెయ్యాలి. మంచి ఆదేశమే. ఇది రక్తం ద్వారా అంటుకునే వైరస్. ఏళ్ళ తరబడి పైకి ఏమీ కనిపించనివ్వకుండా లివర్‌ని కొరుక్కుతింటుంది. హెచ్ఐవీ కూడా ఉన్న ఒంట్లో ఆ పని ఇంకా తొందరగా చేస్తుంది. అయితే దీనికి మందుంది. రోజుకొక మాత్ర చొప్పున పన్నెండు వారాలు వేసుకుంటే నూటికి తొంభై అయిదుగురికి పైగా వదిలిపోతుంది. పరీక్ష చెయ్యి, ఉందని చెప్పు, మందివ్వు. మూడే మూడు పనులు. అంత సులువుగా ఉండేసరికి మావాళ్ళకు అనుమానం వచ్చి, మధ్యలో కమిటీని పెట్టారు.

కమిటీ ఉత్తర్వు పద్నాలుగు పేజీలు. చక్రధర్ గారు దాన్ని మా అందరికీ నిలబెట్టి చదివి వినిపించారు. ఆయన మామూలుగా మాట్లాడగా నేను వినలేదు. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా 'తగు చర్య నిమిత్తం' అని చేరుస్తారని మా వాళ్ళ నమ్మకం.

"పరీక్షా ఫలితమనునది అత్యంత సున్నితమైన సమాచారం. కావున రోగికి పేరు ఉండరాదు, సంఖ్య మాత్రమే ఉండవలెను. ఏ సంఖ్య ఎవరిదో తెలుపు రిజిస్టరు నా బీరువాలో సీలు వేయబడును. ఫలితము అధీకృత వ్యక్తులకు మాత్రమే వెల్లడించబడును. వారి జాబితా అనుబంధం మూడులో కలదు."

అనుబంధం మూడు నేను తిరగేశాను. పదిహేడు హోదాలున్నాయి. నోడల్ అధికారి, సూపరింటెండెంటు, గణాంక అధికారి, స్టోర్ కీపర్, కవర్లు మోసుకొస్తాడు కాబట్టి జీపు డ్రైవరు, పత్రికా ప్రకటనలు రాస్తాడు కాబట్టి పౌరసంబంధాల ఆయన, ఉత్తర్వు టైపు చేసింది కాబట్టి టైపిస్టు. పదహారో పేరు నాది. పదిహేడోది ఏసోబుది. వాడు తెలుసుకుంటే గానీ ఏది అరవకూడదో వాడికి తెలియదని కమిటీ భావించింది.

నేను చెయ్యెత్తాను. "సార్, జాబితాలో రోగి లేడు."

చక్రధర్ గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఏ హోదాలో చేర్చమంటావు?"

"హోదా అంటే... జబ్బు ఆయనదే కదా సార్."

"గురవయ్యా, జబ్బు రోగిది. ఫలితం శాఖది. రోగికి ఉద్యోగి సంఖ్య ఉందా? లేదు. క్రమశిక్షణా చర్య తీసుకునే వీలుందా? లేదు. రేపు వాడే బయటికి పోయి తన జబ్బు ఎవరికో చెప్పుకుంటే బాధ్యత ఎవరు వహించాలి? లీకులన్నీ అక్కడినుంచే మొదలవుతాయి."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఆ తర్వాత అందరం ప్రమాణ పత్రం మీద సంతకాలు చేశాం. ఫలితం బయటపెడితే కాంట్రాక్టు రద్దు.

మర్నాటి నుంచి గోప్యత మొదలైంది. ఆస్పత్రి వెనకవైపు ఒక గదికి చిలకాకుపచ్చ రంగు వేసి, గుమ్మం మీద 'గోప్యతా కేంద్రం – హెచ్ఐవీ వారికి మాత్రమే' అని అడుగేసి అక్షరాలతో బోర్డు పెట్టారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన "గోప్యత వాళ్ళంతా ఎడం పక్క లైన్లోకి రండమ్మా" అని పిలిచేవాడు. ఏసోబుకి మైకు ఇచ్చారు. పేర్లు పిలవకూడదు కనుక సంఖ్యలు పిలిచేవాడు, నాలుగు వీధుల అవతలికి వినపడేట్టు. నెల తిరిగేసరికి ఆస్పత్రి ఎదురు టీకొట్టులో ఎవరైనా దారి అడిగితే, "గోప్యం జబ్బోళ్ళ గదా? ఆ పచ్చగోడ" అని చూపించడం మొదలుపెట్టారు.

నాలుగొందల పదిహేడో సంఖ్య సామ్రాజ్యానిది.

సామ్రాజ్యం మిర్చి యార్డు పక్క కోల్డు స్టోరేజీలో కాయల తొడిమలు తీసే పని చేస్తుంది. నలభై ఆరేళ్ళుంటాయి. వేళ్ళ చివర్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. పన్నెండేళ్ళుగా మా దగ్గర హెచ్ఐవీ మందులు తీసుకుంటోంది, ఒక్క నెల తప్పలేదు. ఎలా వచ్చిందని నేనెప్పుడూ అడగలేదు, అడగడానికి నేనెవర్ని?

ఆ ఫిబ్రవరిలో రక్తం తీసి కిట్టు మీద చుక్క వేశాను. పావుగంటలో రెండు గీతలు తేలాయి. రెండు గీతలంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని. ఇప్పటికీ ఉందో లేదో తేల్చే రెండో పరీక్షకు నమూనా పెద్ద ల్యాబుకు పంపాను. మూడు వారాలకు సీలు కవరులో జవాబొచ్చింది. ఉంది. బోలెడంత ఉంది. నేను నా ల్యాబ్ రిజిస్టర్లో 417 ఎదురుగా ఎర్రసిరాతో ప్లస్ గుర్తు వేశాను.

ఆ తర్వాతి నెల మందులకొచ్చినప్పుడు అడిగింది. "గురవయ్యన్నా, ఆ కొత్త పరీచ్చ ఏమయింది? నాకుందా లేదా?"

"ఫలితం గోప్యంగా ఉందమ్మా."

"గోప్యంగా అంటే? మంచిదా, చెడ్డదా?"

"అదే గోప్యం."

ఆమె నవ్వింది. నేను హాస్యమాడుతున్నాననుకుంది. "ఈ మధ్య పొద్దుగూకేసరికి కాళ్ళు ఈడ్చుకుపోతన్నయన్నా. రెండు టిక్కీల కాయలకి తొడిమలు తీసేసరికి ఆయాసం వత్తంది. ఉంటే ఉందని చెప్పు, మందేసుకుంటా. లేకపోతే లేదని చెప్పు, పని చేసుకుంటా. నాకు రెండూ ఒకటే, తెలిస్తే చాలు."

పైన చెబితే వింటారేమోనని, "అర్జీ పెట్టుకోమ్మా" అన్నాను. ఎదురుగా కూర్చున్న మనిషికి రెండక్షరాల మాట చెప్పకుండా అర్జీ పెట్టుకోమన్నాను. ఇప్పుడు రాస్తుంటే నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తోంది. ఆ రోజు మాత్రం సలహా ఇచ్చానని తృప్తిపడ్డాను.

యార్డు గుమాస్తా చేత అర్జీ రాయించుకుని వచ్చింది. చక్రధర్ గారు చదివి అదిరిపడ్డారు.

"ఇందులో పేరుంది! ఊరుంది! వేలిముద్ర కూడా ఉంది! ఒక రోగి తన వివరాలను బహిరంగంగా కాగితం మీద పెట్టడమా? ఇది గోప్యతకు తీవ్ర విఘాతం. తక్షణమే చించివేయవలెను."

నేనే చించాను. పేరు లేకుండా రాసుకు రమ్మని ఆమెకు చెప్పాను. వారం తర్వాత ఇంకో కాగితం తెచ్చింది. 'అయ్యా, నాకు జబ్బుందో లేదో చెప్పగలరు' అని ఒక్క వాక్యం, కింద ఖాళీ. చక్రధర్ గారు దాన్ని వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ చూశారు.

"ఎవరు రాశారు?"

"నాలుగొందల పదిహేడు సార్."

"సంతకం లేదు, పేరు లేదు. ఇది ఆకాశరామన్న ఉత్తరం. ఆకాశరామన్న ఉత్తరాలు పరిశీలించరాదని స్పష్టమైన నిబంధన ఉంది." కాగితం బుట్టలోకి పోయింది. "గురవయ్యా, రోగి పేరు రాసిననూ తప్పే, రాయకున్ననూ తప్పే. మూడో మార్గమేదైనా ఉన్నచో మేమేమైనా కాదంటామా?"

బయట లివర్ డాక్టరు దగ్గరికి పోదామంటే, అక్కడి కాగితం మా దగ్గర చెల్లదు. మందేమో మా దగ్గరే ఉంది. ఏప్రిల్లో పెట్టెలు వచ్చాయి. స్టోరు గదిలో పై అరలో పేర్చి తాళం వేశారు. ఏ పెట్టెకు ఆ పెట్టె నిండు పన్నెండు వారాల మాత్రలు. మందులిచ్చే డాక్టరు బదిలీ అయిపోయి, ఆ కుర్చీకి చక్రధర్ గారే ఇన్‌చార్జి. నేను ధైర్యం కూడగట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

"సార్, ఫలితం చెప్పొద్దు. మందు మాత్రం ఇచ్చేద్దాం."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "మందు ఇచ్చినచో జబ్బు ఉన్నదని రోగి గ్రహించడా?"

"గ్రహిస్తారు సార్."

"అంటే చికిత్స అనునది పరోక్ష వెల్లడి. దీనికి నా దగ్గర రెండే పరిష్కారాలున్నాయి. ఇస్తే అందరికీ ఇవ్వాలి, లేనివాళ్ళకు కూడా. లేదా ఎవ్వరికీ ఇవ్వకూడదు. రెండో పద్ధతిలో మందు వృథా కాదు, గోప్యతకూ భంగం లేదు." ఆయన కలం మూత పెట్టారు. "నువ్వు ల్యాబ్ మనిషివి, పాలన నీకు అర్థం కాదు."

పరీక్షలు మాత్రం ఆగలేదు. లక్ష్యం పరీక్షల సంఖ్య మీద ఉంది కనుక, మూడు నెలలకోసారి అందరికీ మళ్ళీ మళ్ళీ చేశాం. సామ్రాజ్యానికి మేలో గుచ్చాను, ఆగస్టులో గుచ్చాను, నవంబరులో గుచ్చాను. ప్రతిసారీ రెండు గీతలు. రెండు గీతలు తేలినప్పుడల్లా గణాంక అధికారి సంబరపడేవాడు, ఆయన పట్టికలో ఒక గడి నిండేది. డ్రైవరు నాతో అన్నాడు, "ఆ తొడిమలు తీసే ఆమెకి పాపం ఉన్నట్టుందే" అని. టైపిస్టు పండ్లిచ్చి వచ్చింది, ఎందుకిస్తోందో చెప్పకుండా. ఏసోబు ఆమె నంబరు పిలిచేటప్పుడు మైకులోనే గొంతు తగ్గించేవాడు. పదిహేడు మందీ ఆమెను చూసి జాలిపడ్డాం. ఆమె ఒక్కతే ధైర్యంగా ఉంది, తెలియదు కాబట్టి.

ఆగస్టులో పాదాలు వాచాయి. నవంబరులో పొట్ట ఎత్తుగా కనపడింది. "గ్యాసంటన్నారు అంతా. గ్యాసేనా అన్నా?" అంది. నేను నరం వెతుకుతున్నట్టు వంగి ఉండిపోయాను. "ఏ మాటకా మాట, నీ చేతి సూది చీమ కుట్టినట్టయినా ఉండదు" అంది.

జనవరిలో మా జిల్లాకు రాష్ట్రస్థాయి బహుమతి వచ్చింది. నూటికి నూరు శాతం పరీక్షలు, ఒక్క ఫలితం కూడా బయటకు పొక్కలేదు. రాష్ట్రంలో ఇలాంటి జిల్లా ఇంకొకటి లేదట. పౌరసంబంధాల ఆయన పరమోత్సాహంగా కెమెరా పట్టుకొచ్చాడు. చక్రధర్ గారు సహజంగా పని చేసుకుంటున్నట్టు ఫోటో కావాలన్నాడు. సహజంగా ఉండాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. నా బల్ల మీది రిజిస్టరు తీసుకుని, తెరిచి, కెమెరా వైపు తిప్పి పట్టుకున్నారు. గోప్యతే కదా వార్త, రిజిస్టరు బాగా కనపడాలన్నాడు పౌరసంబంధాల ఆయన. ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, ఎర్రసిరా మెరుపు కూడా పడింది.

దాన్ని ఫ్లెక్సీ కొట్టించారు. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు. 'రోగుల రహస్యాలకు రక్షణ కవచం డాక్టర్ చక్రధర్ గారికి అభినందనలు' అని పైన. జనం ఎక్కువ తిరిగే చోట ఉండాలని మిర్చి యార్డు గేటు మీదే కట్టారు.

అభినందన సభ మా ఆస్పత్రి హాల్లో. రాజధాని నుంచి పరిశీలకులు గారొచ్చారు. రెండు వారాల కిందట బదిలీ మీద వచ్చిన కొత్త డాక్టరు షమీమ్ గారు ఒక మూల కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇన్‌చార్జి బాధ్యతలు, స్టోరు తాళాలు ఆమెకు ఇంకా అప్పగించలేదు. సభ అయ్యాక అప్పగిస్తామన్నారు. పరిశీలకులు గారు మైకు ముందుకొచ్చి, "గోప్యత అనగా కేవలం ఒక పదం కాదు, అది ఒక..." అని తర్వాతి మాట కోసం వెతుక్కుంటుండగా వెనక తలుపు తెరుచుకుంది.

సామ్రాజ్యం వచ్చింది. భుజం మీద చాపలా చుట్టిన ఫ్లెక్సీ. యార్డు కూలీలిద్దరు రెండో కొస పట్టుకున్నారు. ఆమె కుర్చీల మధ్య నుంచి నడిచొచ్చి వేదిక ముందు నేల మీద దాన్ని పరిచింది. చక్రధర్ గారి మొహం ఒక అంచున, రిజిస్టరు మధ్యలో. ఆమె ఆయాసపడుతూ వంగి, అరచెయ్యంత ఉన్న అంకెల మీద ఎర్రటి వేలు పెట్టింది.

"నాలుగొందల పదిహేడు నేనేనయ్యా. ఏడాదిగా మైకులో పిలుత్తున్నారు, మర్చిపోతానా? దీని పక్కన ప్లస్ ఉంది. నాకు చదువు రాదు గానీ అంకెలొచ్చు, ప్లస్సు అంటే ఏందో పన్నెండేళ్ళ నించీ తెలుసు. ఇది నాకున్నట్టా, కాదా? ఇంతమంది పెద్దోళ్ళున్నారు, ఒక్కరు చెప్పండి."

మొదట తేరుకున్నది చక్రధర్ గారే.

"అమ్మా! నిండు సభలో నీ సంఖ్య నువ్వే ప్రకటించుకున్నావు. నీ గోప్యతను నువ్వే ఉల్లంఘిస్తున్నావు!"

"నాది నేనేం చేసుకుంటే మీకెందుకయ్యా?"

"పైగా ఇది ధ్రువీకరించిన ప్రతి కాదు. ఫ్లెక్సీని వైద్య పత్రంగా పరిగణించుటకు వీలు లేదు. అనుమతి లేకుండా విప్పడం వేరే నేరం."

పరిశీలకులు గారు అనుభవజ్ఞులు. గొడవ ముదరకుండా అక్కడికక్కడే ఒక సవరణ ప్రతిపాదించారు. ఇకపై రోగిని పద్దెనిమిదో అధీకృత వ్యక్తిగా చేర్చవచ్చు. అయితే మిగతా పదిహేడు మందిలాగే ఆమె కూడా ప్రమాణ పత్రం మీద సంతకం చెయ్యాలి. తనకున్న జబ్బు గురించి ఎవ్వరికీ, వైద్యులతో సహా, వెల్లడించరాదు. చప్పట్లు మోగాయి. ఏసోబు ప్రమాణ పత్రం, వేలిముద్రల డబ్బా తీసుకుని పరుగెత్తుకొచ్చాడు.

ఈలోగా షమీమ్ గారు కుర్చీలోంచి లేచి వచ్చి ఫ్లెక్సీ మీద మోకాళ్ళు మోపి కూర్చున్నారు. సామ్రాజ్యం పాదం మీద బొటనవేలితో నొక్కారు. గుంట పడి అలాగే ఉండిపోయింది. కనురెప్ప కిందికి లాగి చూశారు. పొట్ట మీద వేళ్ళతో తట్టి, ఫ్లెక్సీలో ఆ ప్లస్ గుర్తు వంక చూశారు.

"ఉందమ్మా నీకు" అన్నారు. "హెపటైటిస్ సి. లివర్‌కి పట్టే వైరస్. మందుంది."

ఏడాది పాటు పదిహేడు మంది కాపలా కాసిన రహస్యం అంతే. అయిదు క్షణాలు పట్టింది.

"స్టోరు తాళాలు ఎవరి దగ్గరున్నాయి?" అని అడిగారామె. చక్రధర్ గారు అప్పగింత పత్రాల గురించి మొదలుపెట్టారు. తాళాల గుత్తి ఆయన ముందు బల్ల మీద, పూలదండ పక్కనే ఉంది. నేను వెళ్ళి తీసుకున్నాను. ఎవరూ ఆపలేదు. ఆపొచ్చన్న ఆలోచనకు ఉత్తర్వు లేదు. స్టోరు తీసి, పై అరలోంచి ఒక పెట్టె దించి, దుమ్ము తుడిచి తెచ్చాను. ఇంత సులువని తెలిస్తే ఏడాది కిందటే చేసేవాణ్ణని చెప్పుకోవడానికి లేదు. సులువని అప్పుడూ తెలుసు.

లివర్ ఎంత చెడిందో చూసుకుని, ఏ మందు తట్టుకుంటుందో తేల్చుకుని, మరో మాత్ర జోడించి అదే వారం మొదలుపెట్టారు షమీమ్ గారు. ఆ రోజు ఆమె సామ్రాజ్యానికి నెమ్మదిగా చెప్పడం నేను పక్కనే ఉండి విన్నాను. "ఈ మందుతో వైరస్ పోతుందమ్మా, పోవడానికే ఎక్కువ అవకాశం. కానీ లివర్ గట్టిపడింది. నీరు చేరింది. అది మళ్ళీ మామూలుగా అవుతుందని నేను మాటివ్వలేను. పోయినేడు ఇదే సమయానికి మొదలుపెట్టుంటే..." అని ఆపేశారు.

తర్వాత విచారణ జరిగింది. సామ్రాజ్యానికి ఆలస్యం ఎందుకైందని కాదు, ఫలితం ఎలా పొక్కిందని. ఫ్లెక్సీ విషయంలో ఎవరి తప్పూ లేదని తేలింది, ఎందుకంటే ఉత్తర్వులో ఫ్లెక్సీల ప్రస్తావన లేదు. నన్ను పిలిచి, నువ్వేమైనా చెప్పావా అని అడిగారు. లేదన్నాను. ఆ మాట నిజమే. ఆమె నిన్ను అడిగిందా అన్నారు. అడిగిందన్నాను. ఎన్నిసార్లు? లెక్క పెట్టలేదన్నాను. వారం తిరక్కుండా నాకు సీలు కవరులో ప్రశంసా పత్రం వచ్చింది. 'పదేపదే ఎదురైన ఒత్తిడికి లొంగక, ఏడాది పాటు ఫలితమును మనసులోనే భద్రపరచిన శ్రీ గురవయ్య గారి నిబద్ధత శ్లాఘనీయము.' ఆ మార్చిలో నా కాంట్రాక్టు అడక్కుండానే పొడిగించారు. నాకు చలిజ్వరం రాలేదు.

మందు మొదలుపెట్టిన నాలుగో వారం సామ్రాజ్యం రక్తపరీక్షకు వచ్చింది. పని మానేసింది, వేళ్ళ ఎరుపు పోయింది. చెయ్యి చాపి బల్ల మీద పెట్టింది. నేను రబ్బరు గొట్టం కడుతుంటే మెల్లగా అడిగింది.

"నీకు ఎప్పట్నించీ తెలుసు గురవయ్యన్నా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "మొదటి నించీ తెలుసమ్మా."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రావాలని కోరుకున్నాను కూడా. ఆమె నా చేతి వంక చూసింది.

"నాకు నొప్పి పుట్టుద్దని ఎంత నిదానంగా గుచ్చేవాడివో గదా" అంది.

ఆ రోజు నరం దొరకలేదు. రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది.